మందు చెప్పు నోరు - మందు అమ్ము చేయి

సంఘమువారు ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాసి యిమ్మని కోరినప్పుడు మేము కొంత వెనుకాడితిమి. మేము పండితులము కాము. ఎస్.ఎస్.ఎల్.సి. వఱకు చదివి, గుమాస్తా యుద్యోగములో జీవితమంతయు గడిపి, ఇప్పుడు జూజువాడిలో మా యింటి అరుగుపై కూర్చుండి దినపత్రిక చదువుకొను వారము. కాని మేము చేసిన యుద్యోగము పశువుల మందులను టోకుగా అమ్ము నొక సంస్థలో లెక్కలు వ్రాయు పని. ఆ లెక్కల పుస్తకములలో మేము చూచిన యొక విషయము, మా పెరటి కొట్టములో జరిగిన యొక తప్పు, ఈ రెండును పని విరమించిన పిదప కూడ మమ్ము విడువలేదు. వానిని గూర్చి తలపోయగా తలపోయగా ఒక ధర్మప్రశ్న తేలినది. దానినే పాఠక మహాశయుల ముందుంచుచున్నాము.

ప్రశ్న యిది. రోగమునకు మందు కావలెనా, అక్కఱలేదా యని తీర్పు చెప్పువాడే ఆ మందును అమ్మి లాభము పొందువాడైనచో, ఆ తీర్పును తీర్పనవచ్చునా? అందునను రోగి నోరులేని పశువైనప్పుడు, ఆ మందు పాలలోనికి దిగి పసిబిడ్డ నోటికి చేరునదైనప్పుడు, ఇది కేవలము వ్యాపార విషయమని త్రోసివేయవచ్చునా?

ముందుగా మా యూరిని గూర్చి రెండు మాటలు. తమిళనాడు ముగిసి కర్ణాటకము మొదలగు చోట, హోసూరునకు బెంగుళూరు దిక్కున, జాతీయ రహదారిపై జూజువాడి యున్నది. మా చిన్ననాట ఇది రాగిచేల నడుమనున్న పల్లె. 1970ల దశకమున సిప్కాట్ పారిశ్రామికవాడ వచ్చినది, ఫ్యాక్టరీలు వచ్చినవి, నేడు ఊరు హోసూరు నగరపాలికలో కలిసిపోయినది. ఇంటిలో తెలుగు, కచేరీలో తమిళము, సరిహద్దు దాటగానే కన్నడము. ఈ మూడు భాషల నడుమ మన కుటుంబములు తరతరములుగా బ్రదుకుచున్నవి. చేలు పోయినను పశువు పోలేదు. సందులో మూడంకణముల యిల్లున్న వారికి కూడ వెనుక నొక ఆవుండుట మా ప్రాంతపు రివాజు. పిల్లల బడిజీతము, పండుగ బట్ట, ఆడపడుచునకు పెట్టు పసుపుకుంకుమ, ఇవన్నియు తఱచుగా పాలడబ్బుతోనే గడచెడివి.

మా తండ్రుల కాలమున కొట్టములో కట్టినది హళ్ళికారు జాతి. ఆ ఎద్దులు దుక్కికిని బండికిని పేరుపొందినవి. ఆవు మాత్రము ఇచ్చు పాలు స్వల్పము. 1970లో దేశమున క్షీరవిప్లవ మారంభమైన తరువాత, జెర్సీ, హోల్స్టీన్ రక్తము కలిసిన సంకరజాతి ఆవులు మా వాకిళ్ళకు వచ్చినవి. పాలు పెరిగినవి. వానితో పాటు పొదుగువాపు మొదలైన వ్యాధులును పెరిగినవి. వ్యాధులు పెరుగగా మందుల అంగళ్ళు పెరిగినవి. మా యుద్యోగమును ఆ పెరుగుదలలోనిదే.

ఇక లెక్కల పుస్తకపు సంగతి. మా సంస్థనుండి సరకు ఎత్తువారు రెండు తెగలవారు. ఒకరు మందుల అంగడివారు. రెండవవారు ఊరూర తిరిగి పశువులకు చికిత్స చేయువారు. వీరిలో పట్టము పొందిన వైద్యులును ఉండిరి, పట్టము లేక అనుభవముతో సూది పట్టినవారును ఉండిరి. వీరందఱికిని పథకములుండెడివి. పది సీసాలు కొన్నచో రెండు సీసాలు ఉచితము. ఇన్ని వేల రూపాయల సరకు ఎత్తినచో గోడగడియారము. అంతకు మించినచో మిక్సీ. సంవత్సరాంతమున మిక్కిలి ఎత్తినవారికి విహారయాత్ర. వీనినన్నింటిని బిల్లులలో ఎక్కించి, ఎవరికి ఏ బహుమతి చెల్లవలెనో పట్టిక వ్రాసినది మా చేయియే. కావున దీనిని పరుల పాపముగా చెప్పుట లేదు.

ఏ నెలలో ఏ మందుపై పథకము నడచునో, ఆ నెలలో ఆ మందు ఎక్కువగా పోవుచుండెను. ఉచితముగా వచ్చుచున్నదని ముందే కొని నిలువ చేసికొనుచున్నారేమో యని మొదట అనుకొంటిమి. కాని నిలువ చేసిన సరకైనచో మరుసటి నెలలో కొనుగోలు తగ్గవలెను గదా! తగ్గలేదు. అనగా ఆ సీసాలన్నియు పశువుల శరీరములలోనికి పోయినవని యర్థము. ఆవుల జ్వరమునకు మా పథకము సంగతి తెలియదు. తెలిసినది సూది పట్టిన చేతికి మాత్రమే.

అట్లని ఆ చేతులన్నియు దొంగచేతులని మేమనము. మాకు బాగుగా పరిచయమున్న యొకాయన యుండెను. వర్షములో సైకిలు త్రొక్కుకొని పోయి ఈతకష్టము పడుచున్న ఆవును కాపాడిన మనిషి. పేదరాలి మేకకు డబ్బు తీసికొనని మనిషి. ఆయన యొకనాడు సరకు ఎత్తుటకు వచ్చి, “ఈ మందు ఈ మధ్య బలే పని చేస్తా ఉండాది, ఇదే వేస్తా ఉండాను” అని మాతో చెప్పెను. ఆ “ఈ మధ్య” అనునది మా పథకము నడచుచున్న నెల. ఆయన అబద్ధమాడలేదు. ఆ మందు మంచిదని నిజముగానే నమ్మెను. పథకము మాఱిన తరువాత మఱియొక మందును గూర్చి అంతే నమ్మకముతో చెప్పెను. లాభము మనుష్యుని చేత అబద్ధము చెప్పించుటకు ముందు, అతని నమ్మకమునే ప్రక్కకు జరుపును. తన నమ్మకము జరిగినట్లు అతనికే తెలియదు. ఇందలి ప్రమాద మంతయు నిక్కడ నున్నది. దొంగ తాను దొంగయని యెఱుగును గనుక ఎప్పుడైనను మానుకొనవచ్చును; మంచివాడు తాను మంచివాడననియే యెఱుగును గనుక మానుకొనుటకు కారణము కనబడదు.

ఈ మందుల చరిత్రలో తెలుగువారమైన మనకు గర్వకారణమగు ఘట్టమొకటి కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాకు పోయి, లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వము వహించిరి. ఆయన నడిపిన ఆ శాలలోనే బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని యొక సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును కనుగొనెను. టెట్రాసైక్లిన్ తెగకు అదియే మొదటిది. 1948లో అది లోకమునకు అందినది. ఆ సంవత్సరముననే ఆగస్టు నెలలో సుబ్బారావు గారు కన్నుమూసిరి. ఎన్ని లక్షల ప్రాణములను ఆ మందుల తెగ నిలిపినదో లెక్కకు అందదు.

ఆయన పోయిన కొలది నెలలకే, అదే సంస్థలో జ్యూక్స్, స్టోక్‌స్టాడ్ అను ఇద్దఱు శాస్త్రజ్ఞులు బి12 విటమిను కొఱకు వెదకుచు, ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు మేతలో కలిపి పెట్టిరి. ఆ పిల్లలు ఆశ్చర్యకరముగా త్వరగా పెరిగినవి. పరిశీలించి చూడగా, ఆ పిప్పిలో మిగిలిన కొంచెపు మందే అందులకు కారణమని తేలినది. రోగము లేని పశువునకు మందు పెట్టిన బరువు పెరుగును, బరువు పెరిగిన డబ్బు పెరుగును! 1951లో అమెరికా ప్రభుత్వము వైద్యుని చీటీ లేకయే అట్టి మందులను మేతలో కలుపుటకు అనుమతించినది. నాటినుండి మందు మేతయైనది. ప్రాణము నిలుపుటకు పుట్టిన వస్తువు తూనికను పెంచు వస్తువైనది. కనుగొన్నవారు దుష్టులు కారు. ఆకలిగొన్న లోకమునకు మాంసము, గ్రుడ్లు చౌకగా దొరకునని సంతోషించిరి. మరల నదే కథ: మంచివారి చేతిమీదుగానే త్రోవ తప్పినది.

ఇందు వచ్చు కీడేమని అడుగువారుందురు. పెనిసిలిన్ కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమానము అందుకొన్న సందర్భమున చేసిన యుపన్యాసములోనే ఆ కీడును హెచ్చరించెను. చాలని మోతాదులో మందు వాడినచో సూక్ష్మజీవి చావక, ఆ మందును ఓర్చుకొనుట నేర్చుకొనునని ఆయన చెప్పెను. మేము దీనిని మా మాటలలో చెప్పుదుము. చేనిలో కలుపుతీయువాడు తేలికగా వచ్చు మొక్కలను పీకి, మొండివానిని విడిచి పోయినచో, మఱుసటి యేడు చేనంతయు మొండికలుపే. మందు వేసిన ప్రతి సారియు లొంగు సూక్ష్మజీవులు చచ్చును; లొంగనివి మిగిలి సంతతిని పెంచును. పైగా లొంగని గుణమును అవి ప్రక్కనున్న వేఱు జాతి సూక్ష్మజీవులకు కూడ పంచిపెట్టగలవు. అవి పేడలో, నీటిలో, మాంసములో, చేతులలో ప్రయాణము చేయును. వానికి తమిళనాడు కర్ణాటకముల సరిహద్దు లేదు. పశువు మనిషి యను భేదమును లేదు. 2015లో చైనాలోని పందులయందును మనుష్యులయందును అట్టి యొక గుణమును శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కొలిస్టిన్ అను మందును లొంగదీయు గుణమది. ఇతర మందులన్నియు విఫలమైనప్పుడు ఆసుపత్రులలో కడపటి యాశగా వాడు మందు కొలిస్టిన్. అట్టి మందునే కోళ్ళకును పందులకును మేతలో పెట్టుచుండిరి! మన ప్రభుత్వము 2019 జూలైలో ఆహారపు పశువులకు దానిని వాడుటను నిషేధించినది. ఆ 2019వ సంవత్సరమున మందులకు లొంగని సూక్ష్మజీవుల వలననే ప్రపంచమున సుమారు 12 లక్షల 70 వేల మంది మరణించి యుందురని శాస్త్రజ్ఞుల యంచనా. ఇందు మనుష్యుల వైద్యమున జరిగిన దుర్వినియోగమునకును గొప్ప పాలు కలదు. తప్పంతయు పశువులపై వేయరాదు. కాని పశువుల పాలును తక్కువది కాదు.

ఇప్పుడు మా తప్పు చెప్పవలెను. ఇది చెప్పక పై మాటలన్నియు చెప్పుట న్యాయము కాదు.

మా యింట నొక సంకరజాతి ఆవుండెను. దాని పాలు మా యింటికి పోను, నాలుగిండ్లకు పోసెడివారము. ఒకమారు దానికి పొదుగు కొంచెము గట్టిపడగా ఒక చికిత్సకుని పిలిపించితిమి. ఆయన పొదుగును నొక్కి చూచి, పాలను అరచేతిలో పిండి చూచి, “ఇప్పుడు మందేమియు వద్దు, తఱచుగా పాలు పిదికి, పొదుగును శుభ్రముగా ఉంచండి, రేపు చూతము” అని చెప్పెను. అరగంట కూర్చుండెను. మేము కాఫీ యిచ్చి పంపితిమి. డబ్బు ఇయ్యలేదు. ఏమియు చేయలేదు గదా, డబ్బెందుకని మా యుద్దేశము. మరుసటి దినమునకు ఆవు కుదురుకొన్నది. ఆయన మాట నిజమైనది. అప్పుడును డబ్బు ఇయ్యలేదు. అసలు జ్ఞాపకమే రాలేదు.

మఱికొన్ని నెలలకు మరల పొదుగు వాచినది. ఆ చికిత్సకుడే వచ్చెను. ఈసారి ముందుగా సంచి తెఱచెను. రెండు సూదులు వేసి, చన్నులలోనికి ఎక్కించు మందు కూడ ఇచ్చి, బిల్లు చెప్పెను. మేము బేరమాడక ఇచ్చితిమి. సీసాలు కంటికి కనబడుచున్నవి గదా! ఆ సూదులు అవసరమా కాదా మాకు తెలియదు. కాని ఒకటి తెలియును. మాటకు కాఫీ, మందుకు నోటు అని ఆయనకు పాఠము చెప్పినవారము మేమే.

ఆయన పోవుచు గడపవద్ద నిలిచి, మందు పెట్టెపై వ్రాసిన దినముల వఱకు పాలు ఎవరికిని పోయవద్దని చెప్పిపోయెను. మాకు అది క్రొత్త మాట కాదు. అట్టి పెట్టెలను లెక్కించుటయే మా వృత్తి. ఆహారమునకై పెంచు పశువుల మందులపై ఆ గడువును ముద్రింపవలెనని 2012లో నిబంధన వచ్చినది. గడువు పరీక్షించి నిర్ణయింపబడని మందైనచో పాలకును గ్రుడ్లకును కనీసము 7 దినములు, మాంసమునకు 28 దినములు ఆగవలెనని అందు కలదు. ఇదంతయు ఎఱిగియుండియు మేము రెండు దినములు మాత్రమే పాలు పాఱబోసి, మూడవనాడు పోయుట మొదలుపెట్టితిమి. నెలాఖరు. మేత బాకీ యున్నది. కాచిన పాలలో మందు పోవునులే యని మనస్సునకు చెప్పుకొంటిమి. కాచినంత మాత్రమున ఈ మందులు నశింపవని తరువాత చదివితిమి.

మరుసటి యుదయమున ఎదురింటి యిల్లాలు గిన్నె పట్టుకొని వచ్చినది. “ఏమన్నా, నిన్న మీరు పోసిన పాలు తోడుకోలేదు, ఎందుకో చూడు” అన్నది. గిన్నెలో పాలు పాలవలెనే యున్నవి. పెరుగు తోడుకొనుట కూడ సూక్ష్మజీవుల పనియే. పాలలో మందున్నచో అవి చచ్చును, పెరుగు కాదు. ఆ సంగతి మేమెఱుగుదుము. ఎఱిగియుండి, “చలి ఎక్కువమ్మా, తోడు సరిగా పడలేదేమో” అని చెప్పితిమి. ఆమె నమ్మి, ఆ పాలనే మరల కాచి బిడ్డకు పట్టుదునని చెప్పి వెళ్ళిపోయినది. ఆమె యింట అప్పుడు రెండేండ్ల పాప. పాపకు ఏ కీడును కలుగలేదు; భగవంతుని దయ. కాని కీడు కలుగలేదు గనుక తప్పు కాలేదని వాదించుట గుమాస్తాకైనను చేతకాని లెక్క.

తిలాపాపము తలాపిడికెడు అని మన పెద్దలనిరి. ఈ వ్యవహారమున ఎవరి పిడికిలిలో నెంతయున్నది? తయారుచేసిన కంపెనీ ఎక్కువ అమ్మదలచెను. అమ్ముట దాని పని. టోకు వర్తకుడు పథకము పెట్టెను. పోటీవాడు పెట్టినాడు గనుక పెట్టెను. గుమాస్తా పట్టిక వ్రాసెను. వ్రాయకున్న మఱియొకడు వ్రాయును. చికిత్సకుడు సూది వేసెను. వేయకున్న ఇల్లు గడువదు. ఆవుగలవాడు పాలు పోసెను. పోయకున్న బాకీ తీఱదు. ప్రతివానికిని ఒక కారణమున్నది, ప్రతి కారణమును వినుటకు న్యాయముగానే యున్నది. కాని చివర గిన్నెలోని పాలు మాత్రము తోడుకొనలేదు. కాబట్టి ఎవడు దుష్టుడని వెదకుటవలన ఈ ప్రశ్న తెగదు. ఏ యేర్పాటు మంచివానిని ప్రక్కదారి పట్టించుచున్నదని వెదకవలెను. ఆ యేర్పాటు పేరే మా వ్యాసమునకు పెట్టితిమి: మందు చెప్పు నోరును, మందు అమ్ము చేయియు ఒకే దేహమున నుండుట.

ఈ రెండింటిని వేఱుచేయవలెనను తలంపు క్రొత్తది కాదు. పదమూడవ శతాబ్దమున సిసిలీ రాజ్యము నేలిన రెండవ ఫ్రెడరిక్ చక్రవర్తి, వైద్యుడు మందుల అంగడివానితో పొత్తు పెట్టుకొనరాదని శాసించెను. మన పల్లెలలోని నాటువైద్యులు పలువురు మందుకు వెల కట్టిన గుణము పోవునని చెప్పి, తాంబూలముతో పెట్టినంత పుచ్చుకొనెడివారు. వారి వైద్యమంతయు గొప్పదని మేమనము. వారి చేతిలో చచ్చిన పశువులను చూచితిమి. కాని ఆ నియమములోని యెఱుక గొప్పది. మందుతో లాభము ముడిపడినచో మాట చెడునని వారెఱుగుదురు.

పశువుల విషయమున దీనిని దేశవ్యాప్తముగా చేసి చూపినది డెన్మార్కు. పందులకు పేరుపడిన దేశమది. పశుపోషణ వారికి వినోదము కాదు, జీవనము. 1990ల నడుమ ఆ దేశమువారు పశువైద్యులు మందుల అమ్మకముపై పొందు లాభమునకు గట్టి హద్దు పెట్టిరి. వెంటనే పశుచికిత్సలో యాంటిబయాటిక్ మందుల వాడకము బాగుగా తగ్గినది. పశువుల రోగములు ఒక్క సంవత్సరములో అంతగా తగ్గి యుండవు గదా! మా లెక్కల పుస్తకమున పథకము వచ్చినప్పుడు పెరిగినది. అక్కడ లాభము పోయినప్పుడు తగ్గినది. రెండును ఒకే మాట చెప్పుచున్నవి. అంతకు ముందే, 1986లో, స్వీడను దేశము బరువు పెంచుటకై మందులను మేతలో కలుపుటను నిషేధించినది. 2006లో ఐరోపా కూటమి దేశములన్నియు ఆ నిషేధమును పాటించినవి. ఆ దేశములలో పాలును, మాంసమును లేకుండ పోలేదు.

ఇందులకు ఎదురువాదములు లేకపోలేదు. వానిలో ఒకటి బలమైనది. హోసూరు వంటి పట్టణములో మందుల అంగళ్ళు వీధికొకటి కలవు. కాని డెంకణికోట అడవి యంచునగల పల్లెలో నడురాత్రి ఆవు పడిపోయినప్పుడు, చికిత్సకుని సంచిలో మందు లేకున్న ఆవు తెల్లవారువఱకు బ్రదుకదు. చీటీ వ్రాసి యిచ్చి ధర్మము పాటించితినని పోయిన వైద్యుని ఆ రైతు ఏమి చేసికొనును? ఈ వాదమును మేము ఒప్పుకొనుచున్నాము. సంచిలో మందు ఉండవలెను. ఉండరానిది ఆ మందు మీద లాభము; అంతకంటెను ఉండరానిది పథకమును, బహుమతియును. కొన్న వెలకే అమ్మి, వచ్చినందుకును, చూచినందుకును, నడురాత్రి నిద్ర విడిచినందుకును తగిన జీతము పుచ్చుకొన్నచో, సంచియు నిండుగానే యుండును, మనస్సును నిలుకడగానే యుండును.

రెండవ వాదము: వైద్యునికి లాభము తీసివేసినను, అంగడివాడు చీటీ లేకయే అమ్మును, అప్పుడు రైతు తానే వైద్యుడై తోచిన మందు వేయును, కీడు హెచ్చును. ఇదియు నిజమే. పట్టము పొంది నమోదైనవారే పశువైద్యము చేయవలెనని 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టము చెప్పుచున్నది. ఈ మందులను చీటీ లేక అమ్మరాదని మందుల చట్టము చెప్పుచున్నది. చట్టము పుస్తకములో నున్నది. సీసా బల్లమీద నున్నది. బల్లయొద్ద నిలుచుండువారము మనము. “నిన్నటి మందే ఇంకొకటి ఇయ్యి” అని చేయి చాచునది మన చేయియే. కావున వైద్యుని లాభమును గూర్చి మాటలాడుట ఎంత యవసరమో, మన చౌకబుద్ధిని గూర్చి మాటలాడుటయు నంత యవసరము.

ఇక్కడనే మా యభిప్రాయము నిలిచినది. మనము కంటికి కనబడు వస్తువునకు వెల యిత్తుము. కనబడని వివేకమునకు ఇయ్యము. “మందు వద్దు” అను మాట చెప్పుటకు వైద్యునికి చదువు కావలెను, అనుభవము కావలెను, ధైర్యము కూడ కావలెను. రేపు ఆవునకు హెచ్చయినచో నింద అతనిదే. సూది వేయుటకు ఇవి యేవియు అంతగా అక్కఱలేదు. కష్టమైన పనికి కాఫీ యిచ్చి, తేలికయైన పనికి నోటు ఇచ్చు సంఘమున కష్టమైన పని ఎవరు చేయుదురు? ఉచితముగా కోరిన సలహాయే మనకు మిక్కిలి వెలగలదైనది. ఆ వెల మనము సీసాలలో చెల్లించితిమి, పాలలో చెల్లించుచున్నాము, రేపు ఆసుపత్రి పడకపై మన మనుమలు చెల్లింపవలసి యుండును.

కాబట్టి మన కుటుంబములవారికి మా విన్నపము లివి. పశువును చూచుటకు వచ్చినవానికి, మందు వేసినను వేయకున్నను, చూచినందులకు డబ్బు ఇయ్యండి. మందు వద్దనినచో మఱికొంత ఎక్కువగా ఇయ్యండి. సూది తీయగానే, ఇది ఏ రోగమునకు, పాలను పరీక్షించి చూడవచ్చునా, ఇది లేక ఒక దినము ఆగవచ్చునా యని మర్యాదగా అడుగండి. పొదుగువాపు లన్నింటికిని ఈ మందులు అక్కఱలేదని, సూక్ష్మజీవిని గుర్తించి మందు నిర్ణయించుట మేలని నేటి శాస్త్రము చెప్పుచున్నది. అట్లని నిజముగా కావలసినప్పుడు మానరాదు. మొదలుపెట్టిన మందును నడుమ విడువరాదు. పశువు బాధపడుచుండగా మందు ఆపుట కూడ పాపమే. మందు వేసిన తరువాత గడువు తీఱువఱకు పాలను పాఱబోయండి. ఆ నష్టము ఆవుగలవాని యొక్కనిదే కారాదు. పాలు పోయించుకొను నాలుగిండ్లవారు ఆ దినములకు కూడ సగము డబ్బైన ఇచ్చినచో, అబద్ధమాడవలసిన యవసరము అతనికి తగ్గును. మా నెలాఖరున ఎవరైన అట్లు ఇచ్చియున్నచో మేము నిజము చెప్పియుందుమా? చెప్పియుందుమనియే తలచుచున్నాము, కాని ఒట్టు వేయజాలము.

గత సంక్రాంతి నాడు ఎదురింటి యిల్లాలి యింటికి పోయి, అన్నాళ్ళకు ఆ గిన్నె సంగతి చెప్పితిమి. నాటి పాప ఇప్పుడు కళాశాలకు పోవుచున్నది. ఆమె కొంతసేపు మా ముఖము చూచినది. కోపపడలేదు, నవ్వలేదు. “పోనీలే అన్నా, అది అయిపోయె. ఇప్పుడు పోసేవాళ్ళు చెప్తా ఉండారా?” అని మాత్ర మడిగినది.

మాయొద్ద జవాబు లేకపోయినది. మా యావును అమ్మి చాలకాలమైనది; ఇప్పుడు మాకును ఆమెకును పాలు పోయువాడు ఒక్కడే. మరుసటి యుదయమున అతడు వచ్చినప్పుడు, ఆవునకు మందు వేసిన దినములలో పాలు తేకుము, ఆ దినములకును మేము డబ్బు ఇత్తుమని మేమిద్దఱమును చెప్పితిమి. అతడు కొంత ఆశ్చర్యపడి, సరేయని తల యూపెను. ఆ మాట నిలుచునో లేదో చెప్పలేము. మా వంతు డబ్బు మాత్రము విడిగా తీసి పెట్టితిమి.